మోటుపల్లి రేవు

మన పాఠశాలలో భూగోళము చదువు బాలబాలికలు మధ్యధరా సముద్రపు పటమును గీయుటలో నేర్పరులు. వెనిసు, జెనోవా, అలెగ్జాండ్రియా, ఎఫెసు మొదలగు రేవుపట్టణములను తడవుకొనకుండ చూపగలరు. గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి మేమొక ప్రశ్న వేసితిమి. వెనిసునుండి బయలుదేరి చీనాదేశమువరకు పోయివచ్చిన మార్కోపోలో తన గ్రంథమున మన బాపట్ల జిల్లాలోని యొక యూరిని గూర్చి చెప్పియున్నాడు, ఆ యూరేది? తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. ఒక బాలిక మచిలీపట్టణమని మెల్లగా ననెను. అది మన జిల్లాలోనిది కాదని ప్రక్కనున్నవారే దిద్దిరి. మేము మోటుపల్లి యని చెప్పగా, చినగంజాము ప్రక్కనుండి వచ్చు నొక బాలుడు నవ్వాపుకొనలేక, "అయ్యగారూ, అది మా మేనత్తగారి యూరండి. అక్కడ రేవెక్కడిదండి?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు సమాధానముగానే యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు పాఠములు చెప్పిన పెద్ద లొకరు, చరిత్ర చెప్పువాడు ముందు పటము విప్పవలెను, పటము విప్పినవాడు తరువాత చెప్పులు తొడుగుకొనవలెను అనెడివారు. ఇరువదియేండ్లుగా మొదటి సగమును మాత్రమే పాటించుచు వచ్చితిమి. ఈ బాలుని నవ్వు మాకు చెప్పులు తొడిగించినది.

మొదట పటము చూతము. చీరాల ఉత్తర అక్షాంశము సుమారు 15 డిగ్రీల 49 నిమిషములయొద్ద, కృష్ణాడెల్టాకు పడమటి యంచున నున్నది. తూర్పున నిజాముపట్టణము మొదలు నైరుతిగా గుండ్లకమ్మ ముఖమువరకు వ్యాపించిన తీరమున నిది నడుమ భాగము. ఈ తీరమునకు సమాంతరముగా ఇసుక దిబ్బలు బారులు తీరియుండును. ఇవి యొకప్పటి సముద్రతీరములే. నదులు తెచ్చిన ఇసుకను అలలు వెనుకకు నెట్టి గట్టుగా పోయగా, సముద్రము వెనుకకు తగ్గినకొలది గట్టువెనుక గట్టు నిలిచిపోయెను. గట్టులమీద తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు తోటలు. గట్టులమధ్య పల్లములలో ఉప్పునేలలు. చినగంజాము, పెదగంజాము ప్రాంతమున ఉప్పుకొటారు లుండుట యిందువలననే.

ఈ ఇసుకలో నొక వింత కలదు. సముద్రమునకు కూతవేటు దూరమున నాలుగడుగులు త్రవ్వినను త్రాగదగిన తియ్యని నీరూరును. మన రైతులు దానిని దొరువు అందురు. వాననీరు ఇసుకలో నింకి, క్రిందనున్న ఉప్పునీటికంటె తేలికయగుటచే దానిపై తేలియుండును. పై నీటిని మెల్లగా తోడుకొనినంతకాలము దొరువు తియ్యగానే యుండును. ఆత్రపడి లోతుగా త్రవ్వినను, బలమైన యంత్రముతో లాగినను క్రింది ఉప్పు పైకి వచ్చును. ఓడలవారికి మంచినీరు ప్రాణము. రేవు పెట్టుటకు ఈ తీరమున నున్న సౌకర్యములలో దొరువు మొదటిదని మా యభిప్రాయము.

రెండవ సౌకర్యమేది యన్నచో, చెప్పదగినది లేదు. మన తూర్పుతీరమునకు కొండలు కాపుగానున్న లోతైన రేవు లరుదు. ఓడలు తీరమునకు దూరముగా లంగరువేసి నిలుచును. సరకును మసూలా పడవలలో దించుకొనవలెను. ఆ పడవలకు మేకులుండవు. పలకలను కొబ్బరినారత్రాటితో కుట్టెదరు. విరుగుచున్న కెరటములపై మేకుకొట్టిన పడవ పగులును, కుట్టిన పడవ వంగి నిలుచును. అక్టోబరు మొదలు డిశెంబరువరకు వచ్చు తుపానులలో లంగరు తెగిన యోడకు దిక్కులేదు. అది ఇసుకమీదికి కొట్టుకొనివచ్చి పగులును. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇక పేరులసంగతి. ఇప్పటి పాలనలో మోటుపల్లి చినగంజాము మండలములోని గ్రామము. 1970 వరకు ఈ ప్రాంతము గుంటూరు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో, అనగా తరువాతి ప్రకాశము జిల్లాలో, చేరెను. 2022 ఏప్రిలు 4వ తేదీన బాపట్ల జిల్లా యైనది. తాతగారిది గుంటూరు జిల్లా, తండ్రిగారిది ప్రకాశము జిల్లా, మనుమనిది బాపట్ల జిల్లా. ఇల్లు మాత్రము కదలలేదు.

ఒక శనివారమున పదునెనిమిదిమంది విద్యార్థులతో చీరాలలో రైలెక్కి చినగంజామున దిగి మోటుపల్లికి పోయితిమి. వేటపాలెము దాటునప్పుడు 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయమును గూర్చి పిల్లలకు చెప్పితిమి. కాని వారి చూపు జీడిపప్పు బుట్టలమీద నుండెను. మోటుపల్లియం దొక వీరభద్రాలయము కలదు. దాని మంటపములోని స్తంభమే మేము చూడబోయినది. సముద్ర మచటినుండి కానరాదు. "చూచితిరా అండి, రేవు లేదని చెప్పితిని గదా" అని మన బాలుడు సంతోషించెను.

ఆ స్తంభముమీద కాకతీయ గణపతిదేవుని శాసనము కలదు. శకవర్షము 1166, అనగా క్రీస్తుశకము 1244-45. సంస్కృతమునను తెలుగునను చెక్కబడినది. జర్మను పండితుడైన హుల్ట్జ్ దొర దీనిని చదివి అచ్చువేయించినందున మనకు సులభముగా లభించుచున్నది. ఇందులో మోటుపల్లికి దేశియుయ్యకొండపట్టణమను రెండవపేరు కనబడుచున్నది. దేశదేశములు తిరిగి వ్యాపారముచేయు దేశివర్తకుల పేరు దీనిలో నిమిడియున్నదని తోచును.

శాసనము చెప్పు సంగతి యిది. పూర్వపు రాజులు, ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు తుపానులో చిక్కి పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగా లాగుకొనుచుండిరి. గణపతిదేవు డట్లు చేయనని మాట యిచ్చుచున్నాడు. ప్రాణములకు తెగించి సముద్రముమీద తిరుగువారికి ధనమే ప్రాణమువంటిదని తలచి, దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నిర్ణయమైన సుంకముతప్ప తక్కిన యంతయు విడిచిపెట్టుచున్నానని ప్రకటించుచున్నాడు. ఎగుమతి దిగుమతులకు సుంకము ముప్పదింట నొకటి. దానితరువాత గంధము, కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పునుగు, రాగి, తగరము, సీసము, పట్టుదారము, పగడములు, మిరియాలు, పోకలు మున్నగువానికి వేరువేరుగా రేట్లు చెప్పబడినవి. ఇందులో మన పొలములలో పుట్టునవి యెన్ని, బయటినుండి వచ్చునవి యెన్ని యని పిల్లలచేత లెక్కవేయించితిమి. పగడము మధ్యధరా సముద్రములో ప్రసిద్ధముగా దొరకు వస్తువని జ్ఞాపకము చేసితిమి. రాయి యొకటే యైనను భూగోళపాఠ మంతయు దానిలో నున్నది.

ముప్పదింట నొకటి యన్నచో నూటికి మూడును మూడింట నొకవంతును. మూడువందల రూపాయల సరకునకు పదిరూపాయలు. ఇంత తక్కువ సుంకము పుచ్చుకొని రాజు నష్టపోవడా యని యొక బాలిక యడిగెను. నష్టపోవు రాజు సుంకపు పట్టికను రాతిమీద చెక్కించడు. 1199 మొదలు 1262 వరకు రాజ్యముచేసిన గణపతిదేవునకు సేనలు గలవు, సేనలకు గుఱ్ఱములు కావలెను, మేలుజాతి గుఱ్ఱములు సముద్రముమీదనే రావలెను. భయపడిన వర్తకుడు వేరొక రేవునకు పోవును. అందువలన శాసనమున దయయు కలదు, లెక్కయు కలదు. లెక్క కలదు గనుక దయ లేదనుట న్యాయము కాదు. పూర్వపు రాజులకును ఇదే లెక్క తెలిసియుండును. అయినను వారు లాగుకొనిరి.

ఈ లాగుకొనుట మనదేశములోనే యుండెనని పిల్లలు తలపరాదు. ఐరోపా తీరములందంతటను ఓడ పగిలిన సరకు ఆ తీరపు ప్రభువునకు చెందునను ఆచారము మధ్యయుగమున ప్రబలియుండెను. 1179లో రోమాపురియందు లేటరాను మందిరమున కూడిన క్రైస్తవ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచువారిని సంఘమునుండి వెలివేయవలెనని నిర్ణయించెను. మోటుపల్లి శాసనమునకు అది 65 ఏండ్లు ముందు. అందు క్రైస్తవులను దోచువారని యున్నది; ఇందు సముద్రముమీద వచ్చు వర్తకు లందరికి నని యున్నది. ఈ భేదమును దాచిపెట్టుట మాకు తగదు.

మన పిల్లలకు మధ్యధరా సముద్రములోని యొక ఓడభంగము చిన్ననాటినుండియు తెలియును. అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములలో పౌలు ఎక్కిన ఓడ పదునాలుగు దినములు తుపానులో కొట్టుకొని మెలితే ద్వీపమున, అనగా నేటి మాల్టాలో, ఇసుకతిప్పకు తగిలి పగిలెను. అందున్నవారు 276 మంది. ఆ ద్వీపవాసులు వానలో చలిలో వణకుచున్నవారికి నిప్పు రాజబెట్టి ఆదరించిరి. మేమీ కథను ఎన్నోసారులు చెప్పియుంటిమి. మోటుపల్లి మంటపములో కూర్చుండి చెప్పినప్పుడు మాత్రము, చేపలు పట్టువారి యింటినుండి వచ్చిన యొక బాలుడు చేయి యెత్తి, "వాళ్ల సరకేమైనదండి?" అని యడిగెను. ఇన్నేండ్లలో ఈ ప్రశ్న మాకు తోచనేలేదు. ఓడను తేలికచేయుటకై గోధుమలను సముద్రములో పారబోసిరని అధ్యాయములోనే యున్నదని చెప్పితిమి. బాలుడు తృప్తిపడలేదు.

అతడు తృప్తిపడకుండుటకు కారణము తిరుగు ప్రయాణములో తెలిసినది. కొన్నినెలల క్రిందట గాలివానలో అతని తండ్రి పడవ కట్టుత్రాడు తెగి కొట్టుకొనిపోయి, మరియొక యూరి తీరమున పడెను. తండ్రి వెదకుకొనుచు పోగా ఆ యూరివారు పడవను ఇచ్చిరి గాని వలలను ఇయ్యలేదు. వలలు తమకు కనబడలేదనిరి. అవి వారి యింటి గోడపై ఆరుచుండుట తండ్రి చూచెను. ఒంటరివాడు, పరాయి యూరు; ఏమియు ననక వచ్చెను. ఆ యూరిపేరు వ్రాయుట వలన ప్రయోజనము లేదు. 1958లో మనదేశమున చేసిన వాణిజ్యనౌకల చట్టములో, పగిలి కొట్టుకొనివచ్చిన యోడ సరకు దొరికినవాడు అధికారికి తెలుపవలెననియు, యజమాని సంవత్సరములోగా వచ్చి తగిన రుసుము చెల్లించి దానిని తీసికొనవచ్చుననియు ఏర్పరచిరి. గణపతిదేవుని శాసనమునకు అది దూరపు చుట్టమని చెప్పవచ్చును. కాని వలలకొరకు చట్టము చదువువారెవరు?

ఇప్పుడు మార్కోపోలో సంగతికి వత్తము. అతడు చీనాలో బహుకాలముండి 1292 ప్రాంతమున ఓడమీద బయలుదేరి, మనదేశపు తీరములమీదుగా పోయి, 1295లో వెనిసు చేరెను. తరువాత జెనోవావారితో జరిగిన యుద్ధమున చిక్కి, వారి చెరలో నుండగా 1298లో పీసా నగరపు రుస్తికెల్లో యనువానికి తన కథ చెప్పి వ్రాయించెను. అందులో ముత్ఫిలి యను రాజ్యము కలదు. అదియే మన మోటుపల్లి. రేవుపేరు రాజ్యమునకు వచ్చినది.

మాబారునుండి ఉత్తరముగా వేయి మైళ్లు పోయిన ముత్ఫిలి వచ్చునని అతడు చెప్పెను. పిల్లలు పటముమీద దారముపెట్టి కొలిచిరి. కన్యాకుమారినుండి కొలిచినను ఆరువందల మైళ్లు మించలేదు. ఆ రాజ్యమును ఒక రాణి పాలించుచున్నదనియు, ఆమె భర్త చనిపోయిన పిమ్మట నలువదియేండ్లుగా న్యాయముతోను శాంతితోను ఏలుచున్నదనియు, ప్రజలామెను మిక్కిలి ప్రేమించిరనియు చెప్పెను. ఈమె రుద్రమదేవి యని అందరు నొప్పుకొందురు. అయితే రుద్రమదేవి గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. 1262 మొదలు 1289 వరకు ఆమె పాలనము, నలువదియేండ్లు కావు. అంతేకాదు, నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనమువలన అప్పటికే ఆమె మరణించెనని తెలియుచున్నది. పోలో 1292లో చీనా విడిచెను. కావున ఆమె యేలుచుండగా అతడీ ప్రయాణములో చూచుట యసంభవము. ఓడలవారి నోట విన్నది చెప్పియుండును, లేదా అంతకు ముందొకసారి ఈ ప్రక్కకు వచ్చియుండును. మొదటిదే మాకు సరియని తోచుచున్నది. మూడేండ్ల క్రిందట మరణించిన రాణి మంచితనము పరదేశపు ఓడవాండ్ర నోటను ఇంకను నిలిచియుండెనన్నచో, అది యామెకు తక్కువ గౌరవము కాదు.

వజ్రముల కథ మరింత వింతది. వానలకు కొండలనుండి వజ్రములు కొట్టుకొనివచ్చుననియు, పాములు నిండిన లోయలలో మాంసపుముక్కలు విసరగా వజ్రము లంటుకొనుననియు, గ్రద్దలు వానిని పైకి తెచ్చుననియు పోలో చెప్పెను. పాముల లోయ, గ్రద్దలు మోటుపల్లివి కావు. సైప్రసు ద్వీపములోని సలామీసు పట్టణపు బిషప్పు ఎపిఫానియసు, ప్రధానయాజకుని పతకములోని పండ్రెండు రత్నములను గూర్చి వ్రాసిన గ్రంథములో నిట్టి కథనే చెప్పియున్నాడు. ఆయన 403లో మరణించెను. ఆయన చెప్పిన లోయ స్కితియా దేశములోనిది, రాళ్లు వేరు జాతివి. అనగా పోలోకు ఎనిమిది వందల యేండ్లకు ముందే మధ్యధరా తీరమున తిరుగుచున్న కథ, ఓడలెక్కి, అరబ్బుల సింద్‌బాదు కథలలో చేరి, మన కొండలకు తగులుకొన్నది. వానలసంగతి మాత్రము నిజము. కృష్ణాతీరపు కంకరనేలలే గోలకొండ వజ్రములని పేరుపొందిన వానికి పుట్టినిల్లు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన కొల్లూరు గని నేడు పులిచింతల జలాశయపు ముంపులో చేరినది. రాయలసీమలో జొన్నగిరి, వజ్రకరూరు పొలములందు తొలకరి వానలకు జనము వజ్రములు వెదకుట నేటికిని కలదు.

పోలో చెప్పిన మూడవ సంగతి బట్ట. ముత్ఫిలిలో నేయు సన్ననిబట్ట సాలెగూటివలె నుండుననియు, దానిని ధరింప నిష్టపడని రాజుగాని రాణిగాని యుండరనియు అతని మాటల సారాంశము. ఇది వినగానే చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెముల పిల్లలు నిటారుగా కూర్చుండిరి. కూర్చుండవలసినదే. పోలోకు వేయియేండ్లకు పూర్వమే, మొదటి శతాబ్దమున ఎఱ్ఱసముద్రపు నౌకాయానమును గూర్చి గ్రీకుభాషలో వ్రాసిన యొకడు, కృష్ణాముఖపు ప్రాంతమును మసాలియా యని పిలిచి, అచట సన్ననిబట్టలు విస్తారముగా నేయుదురని చెప్పెను. అలెగ్జాండ్రియాలో నివసించిన టాలెమీ దానినే మైసోలియా యనెను. చీరాల యను పేరు చీరలవలననే వచ్చినదని మన పెద్దలు చెప్పుకొందురు.

మన చీరాలలో నేసిన తేలియా రుమాలును గూర్చి రెండు మాటలు. నూలును కొన్ని వారములు నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను మార్చిమార్చి నానవేసి మర్దించెదరు. అట్లు చేసిన నూలు రంగును లోతుగా పట్టును. తరువాత దారమును చిక్కముగా కట్టి అద్దకము వేయుదురు. ఎఱుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. ఎఱుపునకు పూర్వము ఇసుకనేలలలో త్రవ్వితీయు చిరువేరు వాడిరి. ఈ రుమాళ్లు అరబ్బుదేశములకును తూర్పు ఆఫ్రికాకును ఎగుమతియై తలపాగలయ్యెను. ఈ విద్య తరువాత నల్లగొండ ప్రాంతపు పుట్టపాకకు చేరి, అచట నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది. పుట్టపాకవారి శ్రమకు మేము సంతోషించుచున్నాము. చీరాలవారిగా కొంచెము నిట్టూర్చుచున్నాము.

ఇంత పేరుపొందిన రేవు ఏమైనది? 1323లో కాకతీయ రాజ్యము కూలిన పిమ్మట కొంతకాలము తీరమున కలవరము నడచెను. కొండవీటి రెడ్డిరాజులలో అనపోతారెడ్డి 1358లో మోటుపల్లియందు మరల నొక శాసనము వేయించెను. ఇది సంస్కృతము, తెలుగు, అరవము మూడింటను కలదు. వచ్చినవారికి భూమి యిత్తుము, ఉండదలచినవారు ఉండవచ్చును, పోదలచినవారిని ఆపము, సాకులు చెప్పి సరకు లాగుకొనము అని వర్తకులకు మాట యిచ్చెను. అరవములో గూడ చెక్కించుటయే వర్తకులు ఏ దిక్కునుండి వచ్చుచుండిరో చెప్పుచున్నది. తరువాత శ్రీనాథుడు తన హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి, సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టును తెప్పించి కుమారగిరిరెడ్డి కొలువునకు అందించిన వర్తకుడు. ఆ సరకులు దిగిన రేవులలో మోటుపల్లి ముఖ్యమని చరిత్రకారులు తలంతురు.

రెండువందల యేండ్లు గడచునప్పటికి కథ మారినది. 1606లో హాలెండువారును, 1611లో గ్లోబు అను నోడలో ఆంగ్లేయులును ఈ ప్రాంతమునకు వచ్చినప్పుడు వారు దిగినది నిజాముపట్టణమున. దానిని వారు పెటపోలి యనిరి. ఆంగ్లేయులు పిమ్మట మచిలీపట్టణమునకు పోయిరి. మోటుపల్లిని తలచినవారు లేరు.

ఇసుకయే యిందుకు ప్రధానకారణమని మా నమ్మకము. నైఋతి ఋతుపవనకాలమున అలలు తీరమువెంబడి ఇసుకను ఉత్తరముగా నడిపించును. వాగులముఖములు పూడును. రాజ్యము బలముగా నున్నప్పుడు రేవును చూచుకొనువారుందురు. రాజ్యము చెడినప్పుడు ఇసుకకు అడ్డములేదు. పౌలు రెండేండ్లకు పైగా నివసించిన ఎఫెసు పట్టణమునకు ఇదే గతి పట్టెను. కేస్టరు నది ఒండ్రు దాని రేవును పూడ్చివేసినందున నేడా శిథిలములనుండి సముద్రము మూడుమైళ్లకు పైగా దూరమున నున్నది. వెనిసువా రట్లు కానీయలేదు. తమ ఉప్పుకయ్య పూడిపోవునని భయపడి, బ్రెంటా మొదలగు నదులను కాలువలు త్రవ్వి ప్రక్కకు మళ్లించిరి. ఆ పని కొన్ని తరములు పట్టెను. వెనిసు నేటికిని నీటిలో నున్నది. ఎఫెసు, మోటుపల్లి మెట్టనెక్కినవి.

రేవు పోయినను సరకు దారి వెదకుకొన్నది. కృష్ణనుండి వచ్చు కొమ్మమూరు కాలువ పెదగంజాముయొద్ద బకింగుహాము కాలువతో కలిసి చెన్నపట్టణమువరకు పడవలకు దారి యైనది. 1899 ప్రాంతమున రైలు వచ్చి పడవలను వెనుకకు నెట్టెను. చీరాల పెరిగినది రైలుకట్టవెంబడి. ఆ పెరిగిన చీరాలలో 1921లో, మునిసిపాలిటీ పన్నుల భారమునకు ఒప్పక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది ప్రజలు ఇండ్లు విడిచి ఊరి పొలిమేర వెలుపల రామనగరమను పాకలలో సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. దీనిని గూర్చి వేరుగా వ్రాయవలసియున్నది. పన్ను తక్కువచేసి జనమును పిలిచిన శాసనమును, పన్ను పెంచగా జనము వెడలిన ఊరును ఒక్క పూట ప్రయాణములో నుండుట మాత్రము ఇచట గుర్తించి విడుచుచున్నాము.

తుపానులు మానలేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలకు పైగా జనులు చనిపోయిరి. బాపట్ల ప్రాంతమును గూడ అది విడువలేదు. 2023 డిశెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్లకు దగ్గరలోనే తీరము దాటెను. ఆ దినమున మన విద్యార్థులలో పెక్కుమంది ఇండ్లలో దీపములు లేవు.

మోటుపల్లిలో ఆ సాయంకాలము మన బాలుని మేనత్తగారు మా కందరికి దొరువు నీళ్లు తెచ్చియిచ్చిరి. ఇంతమంది పిల్లలతో రాయి చూచుటకు వచ్చితిరా యని ఆశ్చర్యపడి, తాము ప్రతిదినము ఆ స్తంభముప్రక్కనుండియే గుడిలోనికి పోవుదుమనియు, దానిమీద అక్షరములున్నవని తెలియును గాని ఏమున్నదో ఎవరును చెప్పలేదనియు పలికిరి. మేనల్లుడు నిలువబడి, ఓడలు, ముప్పదింట నొకవంతు, గుఱ్ఱములు, పగడములు అన్నియు తడబడకుండ చెప్పెను. రేవు లేదన్న మాట మరల ఎత్తలేదు.

పిమ్మట తల్లిదండ్రుల సమావేశమునకు, వలలు పోయిన ఆ తండ్రి వచ్చెను. కొడుకు శాసనపు సంగతి యింటిలో ముందే చెప్పియుండెను. ఆయన మమ్ములను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ముప్పదింటి కొకటి కట్టితే తక్కినది మనదేనటండి?" అని యడిగెను. ఆ రాజుకాలములో నంతేనని చెప్పితిమి. ఆయన వ్రేళ్లమీద లెక్కవేసికొనెను. వలలు ముప్పదివేలు చేయును, వెయ్యి రూపాయలు. "వెయ్యి కాదండి, మూడువేలైనా ఇచ్చి తెచ్చుకొందును" అనెను.